ఆపరేషన్‌లోనే రేడియేషన్ ఇచ్చాక మళ్లీ మూడు వారాలు ఎందుకు?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లోనే రేడియేషన్ ఇచ్చినా, మీ అమ్మగారికి మళ్లీ మూడు వారాలు ఎందుకు చెప్పారని అడిగారు. దానికి కారణం మొదటిది విఫలమవడం కాకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత వచ్చిన పూర్తి బయాప్సీ రిపోర్టులో చంక గ్రంథుల్లోనో, తీసిన ముక్క అంచుల్లోనో క్యాన్సర్ కణాలు కనిపించి ఉండవచ్చు. ఆపరేషన్‌లోనే ఇచ్చే రేడియేషన్‌ను పరీక్షించడానికి 2000లో మొదలైన టార్గిట్-ఎ ట్రయల్‌లోనూ ఇలాంటివారికి రొమ్ము మొత్తానికి రేడియేషన్ కలిపారు.

1. రిపోర్టులో అంచులు, గ్రంథులు, కణితి రకం ఏమని రాశారో చూడండి. అంచుల్లో కణాలుంటే మళ్లీ కోత అవసరమా అని ముందే సర్జన్‌గారిని అడగండి.

2. ఎక్కువమంది మరిచేది ఇదే: ఆపరేషన్‌లో ఇచ్చిన మోతాదు వివరాల కాగితాన్ని (ఇంట్రాబీమ్ అనే యంత్రంతో ఇచ్చి ఉంటే, కణితి తీసిన చోట పెట్టే గోళం ఉపరితలం దగ్గర సాధారణంగా 20 గ్రే; గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ డాక్టరుగారికి తప్పక చూపండి. డిశ్చార్జి సమ్మరీలో "రేడియేషన్ ఇచ్చాం" అన్న ఒక్క మాట చాలదు. ఆ మోతాదునే బూస్ట్‌గా, అంటే కణితి ఉన్న చోటికి ఇచ్చే అదనపు మోతాదుగా లెక్కిస్తారు కాబట్టి, కణితి తీసిన చోటికి సాధారణంగా విడిగా బూస్ట్ ఇవ్వరు.