నరం గడ్డ తీస్తే చెయ్యి పడిపోతదా?

ప్రశ్న: సార్, నాకు 42 ఏండ్లు. చిన్నప్పటి సంది బీడీలు చేస్తున్న. కుడి మణికట్టు లోపలి దిక్కు రేగ్గాయంత గడ్డ అయి మూడేండ్లాయె. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర తగిలిందంటే చూపుడువేలు దాకా కరెంట్ కొట్టినట్టు జుమ్మంటది. నీటిబుగ్గ అని ఒక డాక్టర్ సూదితో గుంజిండు. నీళ్లు రాలే, పాణం పోయినట్టయింది. ఇప్పుడేమో నరం గడ్డ, తీయాలంటున్నరు. నరం కోస్తే చెయ్యి పడిపోతదని మా అత్తమ్మ వద్దంటున్నది.
– బీడీ కార్మికురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, సెలైన్ ఎక్కించేదీ నరమే, మెడ దగ్గర పట్టేసేదీ నరమే, వేలికి స్పర్శ తెచ్చేదీ నరమే మన దగ్గర! మీ గడ్డ ఈ మూడో రకం నరం మీదిలా ఉంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు స్పర్శ చూసుకునే మీడియన్ నరం సరిగ్గా అక్కడే పోతుంది.

గడ్డను వేలితో కదిపి చూడండి. పక్కలకు జరిగి, కిందికి మీదికి జరగకుంటే నా అనుమానం బలపడుతుంది. బిగించిన తాడుకు వేసిన ముడి అట్లనే కదులుతుంది. నీటిబుగ్గ అయితే చీకట్లో టార్చి ఆనిస్తే ఎర్రగా వెలుగుతుంది. గట్టి గడ్డ వెలగదు. ఎంఆర్ఐ తీయించండి. ఇక సూదులు, మాలీషు బంద్. నేనూ ఒకసారి నీటిబుగ్గే అనుకొని కోసి, నరం నడుమ పసుపుపచ్చ గడ్డ చూసి బిత్తరపోయిన.

ఇవి ఎక్కువగా ష్వానోమాలు, అంటే నరం పోగుల మీది తొడుగులో పుట్టేవి. క్యాన్సర్ కావు. పోగులను తినవు, పక్కకు నెడతాయి. అందుకే నరాన్ని అడ్డంగా కోయం. చెయ్యి వరకే మత్తిచ్చి, దండకు పట్టీ బిగించి రక్తం ఆపుతాం. భూతద్దాల కళ్లజోడుతో చూస్తూ పైపొరను పోగుల వెంట నిలువుగా చీల్చి, తాటికాయలోంచి ముంజెను తీసినట్టు గడ్డను ఊడదీస్తాం. గడ్డకు అతుక్కున్న ఒకటి రెండు సన్న పోగులు పోవచ్చు. కొన్నాళ్లు తిమ్మిరి ఉంటుంది, చాలామందికి తగ్గిపోతుంది. తీసిన గడ్డను తప్పకుండా బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో అది ఏ రకం గడ్డో తేల్చే పరీక్షకు పంపించాలి.

న్యూరోఫైబ్రోమా అనే ఇంకో రకం నరం గడ్డ అని తేలితే పని కష్టం. అది పోగులతో కలిసిపోతుంది. ఒంటి మీద చాయ్ రంగు మచ్చలు ఆరు, అంతకుమించి ఉన్నా, వేరే గడ్డలున్నా డాక్టరుకు చెప్పండి. గడ్డ తొందరగా పెరిగినా, రాత్రిళ్లు సలిపినా ఆగొద్దు.

కుట్లు రెండు వారాలకు తీస్తారు. పోయేటప్పుడు మీ కత్తెర కూడా తీసుకుపోండి. దాని పిడి ఎక్కడ ఒత్తుతుందో డాక్టరుకు పట్టి చూపించండి.