నాలుగు గ్రంథాలయాలు, ఒకే జాబితా

ప్రశ్న: మా ప్రభుత్వ వైద్య కళాశాల, బోధనాసుపత్రి, నర్సింగ్ కళాశాల, పక్క పట్టణంలోని జిల్లా ఆసుపత్రి గ్రంథాలయాలు నాలుగింటినీ ఒకే నిర్వహణ వ్యవస్థ కిందికి తేవాలని నిర్ణయించారు. ఒకచోట పాత సాఫ్ట్‌వేర్, ఒకచోట ఎక్సెల్, మిగిలిన రెండుచోట్ల రిజిస్టర్లే ఉన్నాయి. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లలో కోహా పెడదామని కొందరు, ఈ-గ్రంథాలయ చాలని కొందరు అంటున్నారు. ఏది ఎంచుకోవాలి? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక లైబ్రేరియన్, కోస్తా జిల్లా

జవాబు: మీరడిగిన రెండింటిలో రెండోదే పెద్ద ప్రశ్న కనుక మొదటిదానికి క్లుప్తంగా చెబుతాను. కోహా 1999లో న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ గ్రంథాలయ ట్రస్టు కోసం తయారై, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. దానికి లైసెన్సు రుసుము లేదు, ఒకే డేటాబేసులో అనేక శాఖలను నడిపే ఏర్పాటు ఉంది. ఈ-గ్రంథాలయను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ప్రభుత్వ గ్రంథాలయాలకు ఉచితంగా ఇస్తోంది. రెండింటిలో ఏదైనా మీ పనికి సరిపోతుంది. అయితే ఉచితమైనది సాఫ్ట్‌వేర్ మాత్రమేనని, సర్వరుకు, రోజువారీ బ్యాకప్‌కు, దాన్ని చూసుకొనే మనిషి జీతానికి ఏటా డబ్బు కావాలని అధికారులకు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

సర్వరు మీ దగ్గరే ఉండాలన్న నియమమేమీ లేదు. వేల్స్‌లో విశ్వవిద్యాలయాలు, జాతీయ గ్రంథాలయం, ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రుల గ్రంథాలయాలు ఒకే వ్యవస్థను పంచుకొని నడుపుతున్నాయి. ఒక్కో ఆసుపత్రి విడిగా పెట్టుకోలేని ఖర్చును అందరూ కలిసి మోయడం అందులోని మేలు. మన దగ్గర విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఇలాంటి బాధ్యతను తలకెత్తుకోవాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఇక అసలు పని అక్సెషన్ నంబర్ల (పుస్తకం రాగానే రిజిస్టరులో వేసే వరుస సంఖ్యల) దగ్గర మొదలవుతుంది. ప్రతి గ్రంథాలయమూ తన రిజిస్టరును 1తోనే ప్రారంభించి ఉంటుంది కనుక, 1542 అనే నంబరుతో మీ నాలుగుచోట్లా నాలుగు వేర్వేరు పుస్తకాలు ఉంటాయి. కోహాలో ఒక బార్‌కోడ్ మొత్తం వ్యవస్థలో ఒక్కసారే ఉండాలి. ఈ సంగతి ఆలోచించకుండా డేటా ఎక్కించిన ఒకచోట, రెండో గ్రంథాలయం పుస్తకాలు వేలకొద్దీ తిరస్కరణకు గురై, నెలల తరబడి చేసిన పనిని మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. ఆ రోజుల్లో అక్కడి సిబ్బంది పడిన అలసటను నేను కళ్లారా చూశాను. ఒక్కో గ్రంథాలయానికి ఒక అక్షర సంకేతం నిర్ణయించి, దాన్ని పాత నంబరుకు ముందు చేర్చండి. పాత నంబరు మారదు కనుక ఆడిట్‌కు, స్టాక్ వెరిఫికేషన్‌కు ఇబ్బంది రాదు. విద్యార్థుల కార్డు నంబర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

తరువాతిది ఒకే పుస్తకానికి పలు నమోదులు ఏర్పడే సమస్య. కమ్యూనిటీ మెడిసిన్‌లో అందరూ చదివే పార్క్ పుస్తకాన్నే తీసుకోండి. ఒకచోట ‘పార్క్, కె.’ అని, ఒకచోట ‘కె. పార్క్’ అని, ఇంకొకచోట రచయిత పేరే లేకుండా నమోదై ఉంటుంది. పుస్తకం మీద ముద్రించే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఆధారంగా కలిపేద్దామనుకుంటే, 2007కు ముందటి పుస్తకాల మీద పది అంకెల నంబరు, ఆ తరువాతివాటి మీద పదమూడు అంకెల నంబరు ఉంటాయి. పాతదాన్ని కొత్తదిగా మార్చేటప్పుడు ముందు 978 చేరడమే కాక చివరి అంకె కూడా సాధారణంగా మారుతుంది కనుక, ఆ మార్పిడి ముందే చేయకపోతే అవి రెండూ ఒకటేనని యంత్రం గుర్తించలేదు. విదేశీ ముద్రణకూ భారతీయ ముద్రణకూ నంబర్లు వేరుగా ఉంటాయన్నది మరో చిక్కు. ఇదంతా పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని, పేరుపుట వెనక్కి తిప్పి చూసి తేల్చవలసిన పని. అన్నింటికన్నా ముఖ్యంగా, వేర్వేరు ఎడిషన్లను ఒకే నమోదులో కలపకండి. మందుల మోతాదులు, చికిత్స పద్ధతులు ఎడిషన్‌కూ ఎడిషన్‌కూ మారతాయి. రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ కొత్తదనుకొని పాత ఎడిషన్ తీసుకువెళితే అది రోగి దాకా వెళ్లే పొరపాటు అవుతుంది.

వర్గీకరణ సంఖ్యల గురించి మీరు కంగారు పడనక్కరలేదు. ఒకరు డ్యూయీ పద్ధతిలో 616 అని, మరొకరు వైద్య గ్రంథాలయాలకు ప్రత్యేకించిన ఎన్‌ఎల్‌ఎమ్ పద్ధతిలో వేరే సంఖ్య వేసి ఉన్నా, కోహాలో ఆ సంఖ్య ఒక్కో కాపీకీ విడిగా నమోదవుతుంది కనుక అల్మారాలు కదపకుండానే జాబితాను ఉమ్మడి చేయవచ్చు. విషయ శీర్షికలు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. వాటికి వైద్య విషయాల ప్రామాణిక పదాల జాబితా అయిన మెష్ పదకోశాన్ని అనుసరించండి.

ఇచ్చిపుచ్చుకొనే నియమాలను నలుగురు లైబ్రేరియన్లూ ఒకచోట కూర్చొని నిర్ణయించుకోండి. జిల్లా ఆసుపత్రి నర్సు కళాశాల పుస్తకం కోరితే ఎవరు పంపాలి, ఎన్ని రోజులకు ఇవ్వాలి, పోతే ఎవరు భరించాలి అన్నవి కాగితం మీద ఉండాలి. నో డ్యూస్ ఇచ్చే ముందు నాలుగుచోట్ల బాకీలూ ఒకే తెరమీద కనిపించడం మీకు కలిగే పెద్ద సౌకర్యం. కానీ ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది కూడా అలాగే అందరు ఉద్యోగులకూ కనిపించే ప్రమాదం ఉంది. మానసిక ఒత్తిడి గురించిన పుస్తకాన్ని ఒక డాక్టరు తనకోసమే తీసుకొని ఉండవచ్చు. పుస్తకం తిరిగి వచ్చిన కొంతకాలానికి ఆ చరిత్ర నుంచి పేరు తొలగించే ఏర్పాటు కోహాలో ఉంది. దాన్ని మొదటి రోజే అమలులో పెట్టండి.

ప్రశ్న: ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చాక జర్నళ్లన్నీ తెరమీదే దొరుకుతుంటే, ఇంకా ఈ ఉమ్మడి జాబితా ఎందుకు?
– ఒక పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం దాదాపు 13,000 ఈ-జర్నళ్లను అందుబాటులోకి తెచ్చిన మంచి పథకం. అయితే మీరు పరీక్షలకు చదివే పాఠ్యగ్రంథాలు, డిపార్టుమెంటు లైబ్రరీలోని పాత థీసిస్‌లు జర్నళ్లు కావు. పైగా ఆ పథకం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. అందువల్ల మీ కళాశాలలో తెరుచుకొనే వ్యాసం జిల్లా ఆసుపత్రి డాక్టరుకు తెరుచుకుంటుందని అనుకోవడానికి లేదు. ఉమ్మడి జాబితాలో ప్రతి జర్నలు పక్కన లింకుతో పాటు, అది ఏ సంస్థవారికి తెరుచుకుంటుందో కూడా ఒక వాక్యంలో రాయించమని మీ లైబ్రేరియన్ గారిని అడగండి.