సంతకం పెట్టకండి, కానీ ముందు మీ భార్యతో మాట్లాడండి

ప్రశ్న: ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రాని సరుకు వచ్చినట్టు రాసి సంతకం పెట్టమని మేనేజర్ ఒత్తిడి చేస్తున్నాడు. విశ్వాసిగా నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. అందరూ చేసేదే కదా, పిల్లల సంగతి ఆలోచించు అంటుంది నా భార్య. సంఘ పెద్ద బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి పైఅధికారులకు లోబడమన్నారు. కోపంలో నా భార్యను అవిశ్వాసి అనేశాను, అప్పటినుంచి మాటల్లేవు. ఇది మనస్సాక్షేనా, లేక నా మొండితనమా?

జవాబు: బ్రదర్, రెండూ ఉన్నాయి. సంతకం పెట్టననడం మనస్సాక్షి, భార్యను అవిశ్వాసి అనడం మొండితనం.

ఏం తినాలి, ఏ రోజును ఆచరించాలి లాంటి విషయాల్లో ఎవరి మనసులో వాళ్లు నిశ్చయించుకోమని ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు 14వ అధ్యాయంలో వదిలేశాడు. మీది ఆ కోవలోది కాదు. రాని సరుకు వచ్చిందని సంతకం పెట్టడం అబద్ధ సాక్ష్యం, దానికి ఉపవాసముండి దేవుని జవాబు కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. ఇక మీ పెద్దగారు చూపించిన అధ్యాయంలోనే 5వ వచనం చదవండి, మనస్సాక్షి మాట అక్కడే ఉంది. పైగా అక్కడ చెప్పింది ప్రభుత్వ అధికారుల గురించి, దొంగ లెక్క రాయమంటున్న మీ మేనేజర్ ఆ ప్రభుత్వ చట్టాన్నే మీరుతున్నాడు.

అలాగని లోపల గట్టిగా అనిపించిందల్లా దేవుని స్వరం అనుకోకండి. నాకొచ్చే ఉత్తరాల్లో కొన్నిసార్లు మనస్సాక్షి పేరుతో మాట్లాడేది పాత పగే. నాలో నాకు తప్పేమీ కనబడకపోయినా అంతమాత్రాన నీతిమంతుణ్ణి కాను అని పౌలంతటివాడే కొరింథీయులకు రాశాడు. మేలు కీడు తెలుసుకోవడం అభ్యాసం వల్ల వస్తుందని హెబ్రీ 5:14 చెబుతుంది, అంటే కష్టం ముంచుకొచ్చాక కాదు, ఏ గొడవా లేని రోజుల్లోనే వాక్యం చదువుకుంటూ, చిన్న చిన్న విషయాల్లో నిజంగా ఉంటూ, మన తప్పును మొహం మీదే చెప్పగల ఒక్క మనిషినైనా దగ్గర పెట్టుకుంటూ నేర్చుకునేది. కాబట్టి నిజం చెప్పండి: ఈ మేనేజర్ మీకు బాగా ఇష్టమైనవాడైతే ఇంతే గట్టిగా కాదనేవారా? మీరు పెట్టే ట్రావెల్ బిల్లులు, లీవుకు చెప్పే కారణాలు అన్నీ నిజమేనా? అక్కడ సర్దుకుపోతూ ఇక్కడ మాత్రం నిలబడాలంటే కష్టం. ఒకసారి సర్దుకుంటే రెండోసారి అంత బాధ ఉండదు, భయపడాల్సింది దానికే. వాత వేయబడిన మనస్సాక్షి అని పౌలు తిమోతికి రాసింది ఈ మొద్దుబారడం గురించే.

ఇక మీ భార్య. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ యేగర్‌స్టెటర్ అనే రైతు హిట్లర్ సైన్యంలో పోరాడనన్నాడు. బిషప్‌తో సహా ఎంతమంది కుటుంబం సంగతి చూసుకోమన్నా వినలేదు, 1943 ఆగస్టు 9న అతన్ని చంపేశారు. 2007లో కాథలిక్ సంఘం అతన్ని ధన్యుడిగా (పునీతుడి హోదాకు ముందు మెట్టు) ప్రకటించింది. అతని భార్య ఫ్రాంజిస్కా కూడా మొదట నచ్చజెప్పబోయింది, తర్వాత అతనికి అండగా నిలిచింది. ఆమె భయపడినందుకు ఎవరైనా అవిశ్వాసి అంటారా? మీ నిర్ణయానికి మీ ఇంట్లో అందరూ వెల కడతారు, కాబట్టి ఆ భయం చెప్పుకునే హక్కు ఆమెకుంది. ముందు క్షమాపణ అడగండి, అందులో 'కానీ' అనే మాట రానివ్వకండి. తర్వాత ఉద్యోగం పోతే ఎన్ని నెలలు గడుస్తుందో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

ఆఫీసులో ప్రసంగాలు వద్దు. బైబిల్లో దానియేలు తన విశ్వాసానికి సరిపడని రాజు భోజనం వద్దనుకున్నప్పుడు ఎవరి మీదా అరవలేదు, పది రోజులు పరీక్షించి చూడమని మర్యాదగా అడిగాడు. మీరూ "సరుకు వచ్చాక సంతకం పెడతాను సార్" అనండి, అదే మాట ఈమెయిల్‌లోనూ పెట్టి కాపీ దాచుకోండి. పైవాళ్లకు ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వేరే సంగతి, కోపం తగ్గాక ఒక లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఈలోగా వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి, అది అవిశ్వాసమేమీ కాదు.