అండమాన్‌లో ఎమ్మెల్యే లేడంటే హక్కులు లేనట్టేనా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నా కొడుకు పన్నెండేళ్ల కింద మేస్త్రీ పనికి అండమాన్ పోయి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయిండు. పెండ్లాం పిల్లలు కూడా అక్కడే. మూడేళ్ల కింద ఇంటి జాగ కొన్నడు. ఇప్పుడు అమ్మినాయన అన్న కొడుకు వచ్చి 'నాకూ వాటా ఉంది, కేసు వేస్త' అంటున్నడట. మా ఊరోళ్లేమో 'అది రాష్ట్రమే కాదు, భూమంతా సర్కారుదే, పొమ్మంటే రావాల్సిందే' అంటున్నరు. టెన్షన్‌తో నిద్ర పడతలేదు. నల్గొండ కోర్టులో మనమే ముందు కేసు వేయొచ్చా? వాడి ఓటు ఇక్కడే ఉంచాలా?

జవాబు: పెద్దాయనా, ముందు మీరు ధైర్యంగా ఉండండి. అండమాన్ రాష్ట్రం కాకపోవచ్చు కానీ మన దేశమే. భారత భూభాగంలో రాష్ట్రాలతో పాటు కేంద్రపాలిత ప్రాంతాలూ ఉంటాయని రాజ్యాంగం 1వ అధికరణమే చెబుతుంది. దేశంలో ఎక్కడైనా నివాసం ఉండే హక్కు, పని చేసుకునే హక్కు 19వ అధికరణం కింద మీ అబ్బాయికి అక్కడా ఉన్నాయి. ఊరికే పొమ్మనే అధికారం ఎవరికీ లేదు.

మరి ఎమ్మెల్యే ఎందుకు లేడు? రాజ్యాంగం వచ్చినప్పుడు దేశంలోని ప్రాంతాలను ఎ, బి, సి, డి అనే భాగాలుగా విడగొట్టారు. మన హైదరాబాద్ రాష్ట్రం 'బి' భాగంలో ఉండేది. 'డి' భాగంలో ఉన్నది అండమాన్ నికోబార్ ఒక్కటే. 1956 నవంబరు 1న నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అదే రోజు అండమాన్ కేంద్రపాలిత ప్రాంతమైంది. మనకు శాసనసభ ఉంది, వాళ్లకు రాలేదు. అక్కడ రాష్ట్రపతి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తాడు. లోక్‌సభకు ఒక్క ఎంపీ ఉంటాడు, రాజ్యసభలో సీటు లేదు. పంచాయతీలు, మున్సిపాలిటీ మాత్రం ఉన్నాయి.

చట్టాలు పార్లమెంటు చేస్తుంది. అది కాక 240వ అధికరణం కింద రాష్ట్రపతి రెగ్యులేషన్లు చేయవచ్చు, వాటికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. రెగ్యులేషన్ అన్న మాట మీకు కొత్త కాదు. అమ్రాబాద్ వైపు '1/70' అంటారు కదా, గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని. అది అసెంబ్లీ చేసిన చట్టం కాదు, గిరిజన ప్రాంతాల పాలనకు రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు కింద గవర్నర్ చేసిన రెగ్యులేషన్. నల్లమలలో చెంచులకు రక్షణ ఉన్నట్టే జారవా, ఓంగీ లాంటి తెగల కోసం అండమాన్‌లో 1956 నాటి రెగ్యులేషన్ ఉంది. ఆ రిజర్వు ప్రాంతాల్లోకి పాస్ లేకుండా అడుగు పెట్టకూడదు. ఆ రక్షణ ఉండి తీరాలి. కానీ 2011 లెక్కల్లోనే 3.8 లక్షల మంది ఉన్నచోట, తమ భూమి చట్టం గురించి చర్చించడానికి వాళ్లకంటూ ఒక సభ లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ లోటు తీర్చగలిగేది పార్లమెంటే.

ఇక భూమి. మీ ఊరోళ్ల మాటలో సగం నిజం ఉంది. అక్కడ 1966 నాటి భూమి రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం భూమిపై అసలు యాజమాన్యం ప్రభుత్వానిది. మనిషికి దక్కేది ఆక్యుపెన్సీ టెనెంట్ (సర్కారు కింద భూమి అనుభవించేవాడు), గ్రాంటీ (సర్కారు మంజూరు చేయగా పొందినవాడు), లైసెన్సీ (అనుమతి మీద వాడుకునేవాడు) లాంటి ఏదో ఒక తరగతి హక్కు. ఇది మన పట్టా పాస్‌బుక్కు లాంటిది కాదు, మన తెలంగాణ భూభారతి చట్టం అక్కడ పనిచేయదు. అలాగని కాగితం ఉన్నవాణ్ని చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టలేరు. కాబట్టి అమ్మినాయనకు ఏ తరగతి హక్కు ఉంది, దాన్ని అమ్ముకునే వీలు ఆయనకు ఉందా, అనుమతి కావాల్సి ఉంటే తీసుకున్నాడా అన్నదే మీ కేసుకు ప్రాణం. అన్న కొడుకు వాటా సంగతి ఆ తర్వాత. ఆ జాగ తాత సంపాదనా, అమ్మినాయనకు సొంతంగా వచ్చిందా అనేది రికార్డులో తేలుతుంది.

నల్గొండలో కేసు వేయకండి, డబ్బూ కాలమూ వృథా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి తగాదా ఆ ఆస్తి ఉన్నచోటి కోర్టులోనే నడవాలి. అంటే పోర్ట్ బ్లెయిర్ కోర్టులో. దాని మీద హైకోర్టు కలకత్తాది, అయినా కలకత్తా దాకా పోనక్కర్లేదు, ఆ హైకోర్టు జడ్జీలు వచ్చి కూర్చునే సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. అవతలివాడు కేసు వేస్తానంటున్నాడు కనుక ఈ వారంలోనే అక్కడి వకీలుతో కేవియట్ వేయించండి, అంటే 'మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దు' అని కోర్టుకు ముందే ఇచ్చే దరఖాస్తు. అప్పుడు మీ వాడికి తెలియకుండా స్టే రాదు. అది 90 రోజులే పనిచేస్తుంది, గడువు దాటితే మళ్లీ వేయాలి. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. కాగితాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకండి.

ఓటు ఉంటున్నచోటే ఉండాలి. రెండుచోట్ల ఉంచితే అది నేరానికి దారి తీస్తుంది. ఇక్కడిది తీయించి అక్కడ రాయించుకోమనండి. అక్కడ ఎంపీకి, స్థానిక సంస్థలకు ఓటు వేస్తాడు.

అమ్మకం కాగితం, అమ్మినాయన పేరున ఉన్న రెవెన్యూ రికార్డు నకలు రెండూ మీ వాడి దగ్గర నుంచి వాట్సాప్‌లో తెప్పించి మాకు పంపండి. ఆ హక్కు ఏ తరగతిదో చూసి చెబుతాను.