అక్కయ్య రిపోర్టు గురించి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురం నుంచి నీవు పంపిన అక్కయ్య రిపోర్టు అందింది. కార్టిసాల్ అనే హార్మోను 4.1 మాత్రమే ఉందన్న అంకెకు నీవు భయపడ్డావు గాని, నేను ముందుగా వెతికింది రక్తం తీసిన సమయాన్ని. సాయంత్రం నాలుగు గంటలని ఉంది. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఈ హార్మోనును తెల్లవారుజామున ఎక్కువగా విడుదల చేస్తాయి. పొద్దు వాలేకొద్దీ అది తగ్గిపోతుంది. కాబట్టి సాయంత్రం వచ్చిన ఆ అంకెను పట్టుకుని గ్రంథి పాడయిందని అనలేము. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో మళ్లీ తీయించు. అప్పుడు డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు వస్తే లోపం ఉన్నట్టేనని, 15 దాటితే చాలామటుకు లేనట్టేనని వైద్యులు అనుకుంటారు. ఆ నడుమ వస్తే, ఎడ్రినల్‌ను పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షను ఇచ్చి, 30, 60 నిమిషాలకు రక్తం తీసి గ్రంథి స్పందనను చూస్తారు.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్‌ను కూడా ఆ ఉదయమే కొలిపించాలి. కార్టిసాల్ తక్కువై ఇది బాగా ఎక్కువగా ఉంటే లోపం ఎడ్రినల్‌లోనే ఉన్నట్టు. మన దేశంలో దానికి క్షయ కూడా ఒక కారణం. ఇది పెరగకపోతే పిట్యూటరీని, స్టిరాయిడ్ మందులను అనుమానించాలి. అయితే ఏసీటీహెచ్ బయటి వేడికి త్వరగా చెడిపోతుంది. నేను లాబ్‌లో పనిచేసిన రోజుల్లో ఒకామె నమూనాను ఐసు లేకుండా బస్సులో పంపారు. తప్పుడు అంకె వచ్చి, ఆమెకు అనవసరంగా తల స్కానింగు చేయించారు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే అక్కయ్యను ముందురోజే విశాఖపట్నం తీసుకెళ్లి, రాత్రి అక్కడ నిద్రపోనిచ్చి, పరీక్ష చేసే చోటే రక్తం ఇప్పించు.

మోకాళ్ల నొప్పులకు ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు, ఆయాసానికి పీల్చే మందు, ఒంటికి రాసే క్రీములు, అన్నీ రాసుకుని డాక్టరుకు చూపించు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే గ్రంథి మందగించడానికి అదే కారణం కావచ్చు; ప్రెడ్నిసోలోన్ అయితే పరీక్షలో కార్టిసాల్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా కూడా చూపిస్తుంది. కానీ పరీక్ష కోసమని డాక్టరును అడగకుండా ఏదీ ఆపవద్దు, అది ప్రాణాపాయం.

ఈలోగా వాంతులు పట్టుకున్నా, రక్తపోటు పడిపోయి మగతగా ఉన్నా, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎడ్రినల్ లోపం ఉందేమోనన్న అనుమానం చెప్పు. అలాంటప్పుడు కార్టిసాల్‌కు బదులుగా పనిచేసే హైడ్రోకార్టిసోన్ మందు ముందు ఇచ్చి, పరీక్షలు తరువాత చూసుకుంటారు. కొత్త రిపోర్టు రాగానే, రక్తం తీసిన సమయం కనబడేలా ఫోటో తీసి నాకు పంపు.

మీ మావయ్య