టెక్ సందేహాలు: మోటారుకు సరిపోయే చిన్న స్టీల్ పినియన్ ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టులో 3 కిలోల ట్రేను ర్యాక్ (పళ్ళున్న తిన్నని పట్టీ) మీద పైకి ఎత్తాలి. నీమా 17 సైజు స్టెప్పర్ (స్టెప్పులుగా తిరిగే మోటారు, 0.4 న్యూటన్ మీటర్), మాడ్యూల్ (పన్ను సైజు కొలత) 1 ర్యాక్, 20 పళ్ళ స్టీల్ పినియన్ (మోటారు షాఫ్ట్‌కు బిగించే చిన్న గేర్) వాడుతున్నాం. మొదట స్టెప్పులు తప్పేవి, ఇప్పుడు పినియన్ షాఫ్ట్ మీదే జారుతోంది. ఇంకా గట్టి స్టీల్‌ది కొనాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

వద్దు, స్టీల్ మారిస్తే ఈ సమస్య తీరదు. 8 మి.మీ. వెడల్పున్న మాడ్యూల్ 1 పినియన్ మామూలు ఈఎన్ 8 రకం స్టీల్‌తో చేసినదైనా, పన్ను ఒక్కటే దాదాపు 300 న్యూటన్ల బలాన్ని తట్టుకుంటుంది. మీ ట్రే బరువు 30 న్యూటన్లు. ఇంత చిన్న ప్రాజెక్టుల్లో స్టీల్ పన్ను విరగడం చాలా అరుదు. చెడేది బోర్ (షాఫ్ట్ దూరే రంధ్రం) దగ్గర, పళ్ళ సంఖ్య లెక్కలో, రెండు గేర్ల మధ్య దూరంలో. కొనేముందు చూడాల్సినవి కూడా ఇవే.

మొదట పళ్ళ లెక్క. మాడ్యూల్‌ను పళ్ళతో గుణిస్తే పిచ్ వ్యాసం (పళ్ళు కలిసే చోట గేర్ వ్యాసం) వస్తుంది. మీ 20 పళ్ళ పినియన్‌కు అది 20 మి.మీ., అంటే వ్యాసార్థం 10 మి.మీ. 30 న్యూటన్లు ఎత్తడానికే 0.3 న్యూటన్ మీటర్ కావాలి. మోటారు మీద రాసి ఉన్న 0.4 అనేది కదలకుండా పట్టి ఉంచే టార్క్ (తిప్పే బలం). తిరుగుతున్నప్పుడు, వేగం పెరిగేకొద్దీ, అది బాగా తగ్గుతుంది. అందుకే స్టెప్పులు తప్పాయి. 15 పళ్ళ పినియన్ పెడితే వ్యాసార్థం 7.5 మి.మీ. అవుతుంది, కావాల్సిన టార్క్ 0.22కి దిగుతుంది. ఒక చుట్టుకు ట్రే 62.8 మి.మీ. బదులు 47.1 మి.మీ. లేస్తుంది. వేగం కొంత పోతుంది కానీ ఒక్కో స్టెప్పు 0.31 నుంచి 0.24 మి.మీ.కు సన్నబడుతుంది, కాబట్టి ట్రే ఆగే చోటు మరింత కచ్చితంగా ఉంటుంది. ర్యాక్ అదే ఉంచవచ్చు. మోటారును మాత్రం ర్యాక్ వైపు 2.5 మి.మీ. జరపాలి.

మరి 10 పళ్ళు పెట్టకూడదా అంటే, కూడదు. 20 డిగ్రీల ప్రెజర్ యాంగిల్ (పళ్ళు ఒకదాన్నొకటి నెట్టే కోణం) గేర్లలో 17 పళ్ళకన్నా తగ్గితే పన్ను మొదలు కోసుకుపోవడం మొదలవుతుంది. 14, 15 వరకు నష్టం స్వల్పం. 12 దాటి కిందికి వెళితే పన్ను మొదట్లో సన్నబడి, తిరిగేటప్పుడు కుదుపు తెలుస్తుంది. కొనేటప్పుడు ప్రెజర్ యాంగిల్ కూడా అడగండి. పాత యంత్రాల నుంచి తీసిన గేర్లు కొన్ని 14.5 డిగ్రీలవి ఉంటాయి, అవి 20 డిగ్రీల ర్యాక్‌తో కలవవు.

ఇక జారడం. నీమా 17 షాఫ్ట్ 5 మి.మీ., ఒక పక్క చదునుగా కోసి 4.5 మి.మీ. ఉంటుంది. గ్రబ్ స్క్రూ (పినియన్‌ను షాఫ్ట్‌కు బిగించే, తల లేని చిన్న స్క్రూ) ఆ చదును మీద నిటారుగా కూర్చోవాలి. గుండ్రటి వైపు బిగిస్తే షాఫ్ట్ మీద గీత పడుతుంది, తరువాత ఎంత బిగించినా స్క్రూ అదే గీతలోకి జారుతుంది. స్క్రూను, షాఫ్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు పోయేలా తుడిచి, తరువాత విప్పడానికి వీలైన నీలిరంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి. ఎం3 గ్రబ్ స్క్రూకు 1.5 మి.మీ. ఆలెన్ కీ. అంచులు అరిగిన కీ వాడితే స్క్రూలో కీ పట్టే గాడి పాడై విప్పడానికి నానా తిప్పలు పడతారు. హబ్ (పళ్ళ పక్కన పొడుచుకొచ్చిన మెడ) ఉన్న పినియన్ కొనండి. స్క్రూ రంధ్రం పళ్ళ మధ్య కాకుండా హబ్‌లో ఉండాలి.

కరెంటు పోతే స్టెప్పర్ పట్టు వదిలేస్తుంది, ట్రే కింద పడుతుంది. డెమోలో దాని కింద ఎవరి చేతులూ ఉండకూడదు. ఎదురు బరువు కట్టడమో, వార్మ్ గేర్ మోటారు (బరువు వెనక్కి తిప్పలేనిది) వాడడమో మేలు.

ప్రశ్న: కండెలు చుట్టే చిన్న యంత్రం చేశాను. 12 వోల్టుల గేర్ మోటారు, 15 పళ్ళ ప్లాస్టిక్ పినియన్, 60 పళ్ళ ప్లాస్టిక్ గేర్. పినియన్ తరచూ అరిగిపోతోందని రెండూ స్టీల్‌వి పెట్టాను. ఇప్పుడు మోత భరించలేకపోతున్నాం, మోటారు కూడా వేడెక్కుతోంది.
– మరమగ్గం యజమాని, నగరి

పినియన్ స్టీల్‌ది పెట్టడం సరైన పనే. 15:60 జతలో పినియన్ పన్ను ఒక్కొక్కటీ పెద్ద గేర్ పన్నుకన్నా నాలుగు రెట్లు ఎక్కువసార్లు పనిచేస్తుంది, కాబట్టి ముందు అరిగేది అదే. పెద్ద గేర్ మాత్రం నైలాన్ లేదా అసిటాల్ ప్లాస్టిక్‌ది ఉంచండి. మోత చాలావరకు తగ్గుతుంది, దారం చిక్కుకుని యంత్రం ఇరుక్కుంటే ముందు చెడేది చవకైన ఆ గేరే అవుతుంది, మోటారు మిగులుతుంది.

అయితే మోతకు, వేడికి అసలు కారణం మధ్య దూరం అయి ఉండవచ్చు. మాడ్యూల్ 1 అయితే షాఫ్టుల మధ్య దూరం (15+60)÷2, అంటే 37.5 మి.మీ. ఉండాలి. 37.2కి రంధ్రాలు పడితే పళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని సన్నగా కీచుమంటాయి, మోటారు వేడెక్కుతుంది. 38 దాటితే టకటకలాడతాయి, పళ్ళ కొనల దగ్గరే బలం పడి త్వరగా అరుగుతాయి. మెత్తటి ప్లాస్టిక్ ఈ తేడాను కొంత ఓర్చుకుంది, స్టీల్ ఓర్చుకోదు.

సరిచేయడం సులువే. మోటారు ప్లేటు రంధ్రాలను ఆకురాయితో 3 మి.మీ. పొడవుగా సాగదీయండి. నోటుబుక్కు కాగితం ముక్కను పళ్ళ మధ్య పెట్టి, మోటారును గేర్ వైపు నొక్కి పట్టి, స్క్రూలు బిగించి, గేర్ తిప్పి కాగితం బయటికి తీయండి. కాగితం మందం సుమారు 0.1 మి.మీ.; కావాల్సిన సందు అంతే. కాగితం మీద పళ్ళ ముద్ర స్పష్టంగా పడాలి, చిరగకూడదు. తరువాత పెద్ద గేర్‌ను చేత్తో ఒక చుట్టు నిదానంగా తిప్పి చూడండి. ఒక చోట బిగుతుగా, ఎదురుగా వదులుగా అనిపిస్తే గేర్ కేంద్రం తప్పి ఉంది. బోర్ షాఫ్ట్‌కన్నా 0.1 మి.మీ. పెద్దదైనా గ్రబ్ స్క్రూ గేర్‌ను ఒక పక్కకు నెట్టేస్తుంది, చుట్టుకోసారి మోత వస్తుంది.

పినియన్‌ను మోటారు ముఖానికి వీలైనంత దగ్గరగా బిగించండి. షాఫ్ట్ చివర పెడితే గేర్ మోటారు లోపలి బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం) ఒక పక్కగా అరుగుతుంది.

మగ్గాల షెడ్డులో నూలు ధూళి ఎక్కువ. గ్రీజు దట్టంగా పూస్తే ధూళి, పీచు దానికి అంటుకుని పళ్ళను రాకేస్తాయి. ప్లాస్టిక్‌కు పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, గేర్ల మీద చిన్న రేకు కప్పు పెట్టండి. ఈ కప్పును నిర్లక్ష్యం చేయకండి. దారం, గేర్లు పక్కపక్కనే ఉండే యంత్రంలో అది వేళ్ళకు కూడా రక్ష.

ప్రశ్న: మామిడికాయలను సైజు వారీగా వేరు చేసే చిన్న కన్వేయర్ చేస్తున్నాం. 775 సైజు మోటారు షాఫ్ట్ 5 మి.మీ., దొరికిన పినియన్ బోర్ 4 మి.మీ. లేత్ మీద పెద్దది చేయించవచ్చా?
– బంగారుపాళ్యం

ముందు ఆకురాయితో పన్ను పక్కన గీసి చూడండి. ఆకురాయి జారిపోతే అది హార్డెన్ చేసిన (వేడితో గట్టిపరిచిన) పినియన్, మామూలు డ్రిల్లు దిగదు. గీత పడితే బోర్ చేయించవచ్చు. గోడ మందం లెక్క వేసుకోండి: పళ్ళ మొదలు వ్యాసం, మాడ్యూల్ × (పళ్ళు − 2.5). మాడ్యూల్ 1, 15 పళ్ళయితే 12.5 మి.మీ.; 5 మి.మీ. బోర్ పోగా చుట్టూ 3.75 మి.మీ. మిగులుతుంది, దిగులు లేదు. మాడ్యూల్ 0.5 అయితే మొదలు వ్యాసమే 6.25 మి.మీ., మిగిలేది 0.6 మాత్రమే. అది పగిలిపోతుంది, చేయించవద్దు.

లేత్ వాళ్ళకు పినియన్‌ను హబ్ దగ్గర పట్టమని చెప్పండి. పళ్ళ మీద పట్టాల్సి వస్తే 15, 18, 21 లాంటి, మూడుతో భాగించబడే సంఖ్య ఉంటేనే లేత్ పట్టు అయిన మూడు దవడల చక్‌లో సమంగా కూర్చుంటుంది. 16 పళ్ళదయితే ఒక దవడ పన్ను మీద, ఇంకొకటి సందులో పడి కేంద్రం తప్పుతుంది.

బెల్టును నీళ్ళతో కడిగేటట్లయితే ఈఎన్ 8 తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ పినియన్ తీసుకోండి, కానీ దానికి జతగా మళ్ళీ స్టెయిన్‌లెస్ గేర్ పెట్టవద్దు. ఆ రెండూ రాసుకుని ఒకదానికొకటి పట్టుకుంటాయి.

ప్రశ్న: ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారులో 540 సైజు మోటారు పినియన్ మార్చాలి. 32 పిచ్, 0.8 మాడ్యూల్ ఒకటేనా?
– పలమనేరు

ఒకటి కాదు, దగ్గర దగ్గర. 32 పిచ్ (పిచ్ వ్యాసంలో అంగుళానికి 32 పళ్ళు) అంటే మాడ్యూల్ 0.794. పాత గేర్ ఏ రకమో తెలియాలంటే బయటి వ్యాసాన్ని (పళ్ళు + 2)తో భాగించండి, వచ్చేదే మాడ్యూల్. చిన్న పినియన్ మీద ఈ తేడా వెర్నియర్‌కు సరిగా చిక్కదు, పినియన్‌తో కలిసి తిరిగే పెద్ద స్పర్ గేర్‌ను కొలవండి: 60 పళ్ళదయితే 32 పిచ్‌కు 49.2, 0.8కి 49.6 మి.మీ. వస్తుంది. ఈ రెండింటినీ కలిపి నడిపేవాళ్ళున్నారు, కానీ ప్లాస్టిక్ స్పర్ త్వరగా పోతుంది. 48 పిచ్ (0.529), 0.5 మాడ్యూల్‌ను మాత్రం అసలు కలపకండి. 540 షాఫ్ట్‌కు 3.17 మి.మీ. బోర్ అడగండి; 3 మి.మీ.ది ఎక్కదు, 3.2 వదులవుతుంది.

పాత పినియన్ బిగుతుగా దిగ్గొట్టినదైతే స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు, షాఫ్ట్ వంగుతుంది. చిన్న పినియన్ పుల్లర్ వాడండి. కొత్తది అలాగే దిగ్గొట్టే రకమైతే మోటారు వెనక షాఫ్ట్ కొనకు ఆధారం పెట్టి వైస్‌లో నిదానంగా నొక్కండి. సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి బుష్‌ల మీద, కమ్యుటేటర్ (కరెంటు అందుకునే భాగం) మీద పడుతుంది.