మూరెడు మందం గోడల ఇంట్లో రెండో రూటర్

ప్రశ్న: బొబ్బిలిలో మాది తాతల నాటి పెంకుటిల్లు. ఫైబర్ కనెక్షన్ పెట్టె వీధి గదిలో ఉంది. మండువా దాటాక, పెరటి వైపు గదిలో మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలు వింటుంది. అక్కడికి వైఫై అందడం లేదని మరో రూటర్ కొని, కేబుల్ లాగి కలిపాను. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా కనిపిస్తున్నా ఏ పేజీ తెరుచుకోవడం లేదు. పైగా ఒక్కోసారి వీధి గదిలోనూ నెట్ ఆగిపోతోంది. దీన్ని మార్చి ఇంకా పెద్దది కొనమంటారా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: కొనవద్దు. మీ రూటర్ పాడైనట్లు లేదు. ఇంటి పెత్తనం ఇద్దరి చేతుల్లో పడినట్లుంది.

కంపెనీవారు బిగించిన పెట్టె కూడా రూటరే. ఇంట్లోని ప్రతి ఫోన్‌కూ ఒక అంతర్గత చిరునామా ఇవ్వడం, బయటికి వెళ్లే దారి చూపడం దాని పని. ఈ చిరునామాల పంపకాన్నే డీహెచ్‌సీపీ అంటారు. మీరు కొన్న రూటర్ కూడా కరెంటు తగలగానే అదే పని మొదలుపెడుతుంది. కేబుల్‌ను దాని లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలను కలిపే రంధ్రంలో) పెట్టి ఉంటే, పెరటి గదిలోని ఫోన్ చిరునామా దాని దగ్గరే తీసుకుని, బయటి దారినీ దాన్నే అడుగుతుంది. దానికేమో బయటి దారి తెలియదు. వీధి గదిలోని ఫోన్‌కు కూడా అప్పుడప్పుడు ఈ తప్పు చిరునామాయే అందుతుంది. రెండు రూటర్ల సొంత చిరునామా 192.168.1.1 అయి ఉంటే తగువు మరింత ముదురుతుంది.

కేబుల్ తీసేసి, కొత్త రూటర్‌కు లాప్‌టాప్‌ను మాత్రమే కలిపి, అడుగున స్టిక్కర్ మీదున్న చిరునామాను బ్రౌజర్‌లో కొట్టండి. ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ (చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) కనిపిస్తే దాన్ని ఎంచుకుని, కేబుల్ ఏ పోర్టులో పెట్టాలో రూటర్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి. అంతటితో పని ముగుస్తుంది. అది లేకపోతే, మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత రూటర్ సొంత చిరునామాను, మొదటి పెట్టె ఫోన్లకు పంచే చిరునామాల్లో లేని 192.168.1.2 వంటి అంకెకు మార్చి, చిట్టచివర డీహెచ్‌సీపీని ఆపండి. ఈ వరుస తప్పి డీహెచ్‌సీపీని ముందే ఆపితే, లాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చేవారు లేక ఆ పేజీ మళ్లీ తెరుచుకోకపోవచ్చు. తర్వాత కేబుల్‌ను లాన్ పోర్టు నుంచి లాన్ పోర్టుకే కలిపి, బయటి నెట్ కోసం ఉండే వాన్ పోర్టును ఖాళీగా వదిలేయండి.

కేబుల్ లాగి మీరు మంచి పని చేశారు. మూరెడు మందం గోడల ముందు ఎంత ఖరీదైన రూటరైనా తలవంచవలసిందే. వైఫై వాడే రెండు తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే 2.4 గిగాహెర్ట్జ్ కంటే త్వరగా నీరసిస్తుంది. 2.4లో ఒక రూటర్‌కు 1వ చానల్, మరొకదానికి 6 లేదా 11 ఇస్తే ఒకదాని మాటకు మరొకటి అడ్డురాదు. భద్రతకు వైఫై తాళం పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని, రూటర్ పేజీ పాస్‌వర్డ్‌ను కూడా మార్చండి. వైఫై పాస్‌వర్డ్ మార్చి దీన్ని పాతదిగానే వదిలేసేవారు చాలామంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి చీకటి మన ఉత్తరాంధ్రలో ఎవరూ మరిచిపోలేదు. అంతటి తుపానుకు తీగలే తెగితే ఎవరూ చేయగలిగింది లేదు గాని, రోజువారీ కరెంటు కోతలకు రూటర్ యూపీఎస్ చాలు. అయితే పాఠం ఆగకుండా ఉండాలంటే వీధి గది పెట్టెకూ, పెరటి రూటర్‌కూ రెండింటికీ అది కావాలి. కొనే ముందు ఒక్కో అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి; వోల్టులు సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.